రమణి దిగితే

పెదబయలు జీపు స్టాండులో ఆ ఉదయం ఇరవై రెండు మంది మనుషులూ, రెండు మేకలూ రమణి కోసం ఎదురుచూస్తున్నారు. రమణి మాత్రం టీ బడ్డీ వెనక నక్కి, ముఖానికి మాస్కు పెట్టుకుని, నెత్తికి మంకీ క్యాప్ లాక్కుని, దాని మీద తువ్వాలు చుట్టుకుంటోంది.

ఆమె చేరాల్సింది ఉలవగొంది. పదిహేడు కిలోమీటర్లు. సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా చేరాలి. చేరకపోతే నిర్మల రాయి లేవదు.

నిర్మల పోయి ఏడాది. ఉలవగొందిలో పోయిన మనిషికి ఏడాది తిరిగేసరికి ఊరి చివర ఒక రాయి నిలబెడతారు. ఆ మనిషితో ఆఖరుసారి ఎవరు మాట్లాడారో వాళ్ళ చెయ్యి పడ్డాకే రాయి లేపాలి. వేళ పెట్టే దిసారి ఈ రోజు మధ్యాహ్నం దాకే సమయం ఇచ్చాడు. దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. అంతవరకూ ఆ పిల్ల ప్రాణం ఇంటి చూరు పట్టుకుని వేలాడుతుందని వాళ్ళ నమ్మకం.

నిర్మల తల్లి అప్పలనర్సమ్మ మూడు రోజుల కిందట కబురంపింది. "ఆకరి మాట నీతోనే కదే. నివ్వు రాకపోతే రాయి లెగదు." అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే రమణికి ఇంకా సులువుగా ఉండేది.

రమణి, నిర్మల ఇద్దరూ కాఫీ నర్సరీలో మొక్కలకు సంచులు నింపే పని చేసేవాళ్ళు. పోయిన ఏడాది సంత రోజున, నిర్మల వాళ్ళ ఊరు వెళ్దామని ఇద్దరూ ధనుంజయ్ జీపెక్కారు. రమణికి ముందు వరసలో చివరి సీటు దొరికింది. గాలి తగిలే సీటు. దానికోసం వాళ్ళిద్దరూ ఎప్పుడూ కొట్టుకునేవాళ్ళు. నిర్మల వెనకాల పసుపు బస్తాల మధ్య ఇరుక్కుంది. జీపు కదలబోతుండగా రమణికి ఫోన్ ఛార్జర్ కొనాలని గుర్తొచ్చింది.

"ఒసే, నా సీటు ఆపు. ఎవడికీ ఇవ్వకు," అని దూకేసింది.

లక్ష్మణరావు కొట్టులో ఛార్జర్ వెతికి తీసేసరికి జీపు వెళ్ళిపోయింది. తొమ్మిది రోజులుగా ముసురు. కుంకుడు మలుపు దగ్గర రోడ్డు అంచు నానిపోయి కూలింది. జీపు పక్కకి ఒరిగి బండకి కొట్టుకుంది. అందరికీ దెబ్బలు తగిలాయి. పోయింది ఒక్కరే. ముందు వరసలో చివరి సీటు ఆపుతూ కూర్చున్న నిర్మల.

ఆ ఛార్జరు పిన్ను రమణి ఫోన్‌కి సరిపోలేదు కూడా.

రమణి నెలరోజులు అన్నం ముట్టలేదు. ఆ నెలలోనే ఏజెన్సీ అంతా ఒక మాట పాకింది. రమణికి ముందే తెలిసింది, అందుకే దిగిపోయింది. ఆమె కాదంటే, అలాంటివాళ్ళు అలాగే అంటారన్నారు. ఏడిస్తే, చూశారా అన్నారు.

అక్కణ్ణించి లోకం పిచ్చెక్కిపోయింది. రమణి గొడుగు పట్టుకుని బయటికొస్తే, ఎండ మండిపోతున్నా ఊరంతా గొడుగులు తీసేది. సంతలో వంకాయలు ముట్టుకుని వదిలేస్తే ఆ రోజు వంకాయలన్నీ మేకలకే. మండలాఫీసులో పనిచేసే పెద్దమనిషి ఒకడు కూతురికి మూడు సంబంధాల ఫొటోలు తెచ్చి, ఏది చూసి మొహం తిప్పుకుంటుందో చూద్దామని ఆమె ముందు పరిచాడు. ఇక లక్ష్మణరావు. కోస్తా నుంచి వచ్చి కొట్టు పెట్టిన మనిషి, పదో తరగతి ఫస్టు క్లాసు. 'రమణి గారు ఛార్జర్ కొన్న షాపు' అని బోర్డు రాయించాడు. జనం ఛార్జర్లు కొని గుమ్మాలకి వేపాకుతో కలిపి కట్టుకున్నారు. ఫోన్ లేనివాళ్ళూ కట్టుకున్నారు. లక్ష్మణరావు తన పడకగదికే నాలుగు కట్టుకున్నాడు.

కానీ అసలు గోల జీపులది. రమణి ఉన్న జీపే జనం ఎక్కేవాళ్ళు. ఎందుకంటే ప్రమాదం ఉంటే ఆమె దిగిపోతుంది, మనమూ దిగిపోవచ్చు. రమణి ఏడాదిలో ఆరుసార్లు ఉలవగొందికి బయల్దేరింది. ఆరుసార్లూ కుంకుడు మలుపు ఇంకో అర కిలోమీటరు ఉందనగా ఊపిరి బిగుసుకుపోయి దిగేసింది. ఆమె దిగగానే జీపంతా దిగింది. నిండు చూలాలు దిగింది. పెళ్ళి బృందం దిగింది, డోలుతో సహా. ఆమె వెనక్కి నడిచి పోయేది. వాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని మలుపు దాకా నడిచి, దాటాక ఖాళీ జీపెక్కేవాళ్ళు. చివరికి అదే అలవాటై, రమణి లేని రోజున కూడా అక్కడ దిగి నడవడం మొదలుపెట్టారు.

ఈ ఏడోసారి ఎవరూ తనని గుర్తుపట్టకూడదు. గుర్తుపడితే ఇరవై రెండు జతల కళ్ళు తన కాళ్ళనే చూస్తుంటాయి. ఆ చూపుకే సగం ప్రాణం పోతుంది.

తువ్వాలు ముడేసుకుని వచ్చి జీపెక్కింది. అదే జీపు. రిపేరులో ఎడమ తలుపు వేరే బండిది తెచ్చి బిగించారు. జీపు తెలుపు, తలుపు పచ్చ. ముందు వరసలో చివరి సీటు ఖాళీగానే ఉంది. ఏడాదిగా దాన్లో ఎవరూ కూర్చోవడం లేదు. రమణి కళ్ళు మూసుకుని కూర్చుంది.

పక్కన సుక్రు తాత. చేతిలో తాటాకు గొడుగు.

"ఏ ఊరు గుంటా?"

"టైడా," అంది గొంతు లావు చేసి.

"అంత దూరమే! మరైతే మా రమణిని ఎరగవు నివ్వు. ఆ సీటు రమణి సీటు. రమణి వత్తే లెగీయాలి మరి."

ఆమె కంగారుగా సంచి సర్దుకోబోతే, ఏడాదిగా అందులోనే ఉన్న ఆ ఛార్జర్ జారి తాత ఒళ్ళో పడింది. తాత దాన్ని కళ్ళకద్దుకుని తిరిగిచ్చాడు.

"నివ్వూ కొన్నావా? మంచిది. మా ఇంటికి కరెంటే నేదు. అయినా రెండు కట్టుకున్నాను."

పావుగంట గడిచింది. జీపు కదల్లేదు. అరగంట గడిచింది. ధనుంజయ్ బానెట్ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ప్రమాదంలో విరిగిన అతని కాల్లో ఇనప రాడ్డు ఉంది. ఆ కాలు నేల మీద తాళం వేస్తోంది.

"జీపు నిండింది కదా, ఇంకా కదలదేటి?" అంది రమణి, లావు గొంతుతోనే.

వెనక వరసలో అడ్డాకుల మోపు పట్టుకుని కూర్చున్న చిన్నమ్మి ముందుకు వంగింది. "ఎలా కదుల్తాది? రమణి రావాల కదా. ఈయేళ ఉలవగొంది ఎల్తాదని అందరికీ తెలుసు. ఆ మారాణి ఇంకా లెగలేదు కామోసు."

"ఆమె రాకపోతే?"

"రాకపోతే ఎవలెల్తారమ్మా? నీకేటి, టైడా నుండొచ్చావు. మాకు పిల్లలున్నారు."

గంట దాటింది. ఎండ టీ బడ్డీ నీడని తినేస్తోంది. రమణి ఎక్కితే తప్ప కదలని జీపులో రమణి కూర్చుని, రమణి కోసం ఎదురుచూస్తోంది. ఇంకో పది నిమిషాలు ఓర్చుకుంది. తర్వాత తువ్వాలు, టోపీ, మాస్కు ఒక్కొక్కటే పీకి అవతల పారేసింది.

"నేనే! నేనే రమణిని! పోనీ అన్నియ్యా!"

సుక్రు తాత ఆమెని పరిశీలనగా చూశాడు. "అందుకే మొకం కప్పుకున్నాదర్రా. ఏదో ఉంది ఈయేళ."

బండి కదిలింది. జీపు పైన తాళ్ళతో కట్టేసిన మేకలు రెండూ అరిచాయి.

దారి పొడవునా వలిసె పూలు. రమణికి అవేమీ కనబడటం లేదు. ఎనిమిదో కిలోమీటరు రాయి, పదో రాయి. ప్రతి రాయికీ చెమట ఎక్కువైంది. పన్నెండో రాయి దాటాక ధనుంజయ్ బండి నెమ్మదించాడు. ఆమె ఎప్పుడూ దిగే చోటు అదే.

వెనకాల అందరూ మూటలు ఎత్తుకున్నారు. చెప్పులేసుకున్నారు.

"దిగుతావా రమణీ?" అన్నాడు ధనుంజయ్.

"దిగను."

"ఏటి?"

"దిగను. పోనీ."

జీపులో కలకలం లేచింది. "దిగదా? ఎప్పుడూ దిగుతాది కదా!" "దిగనప్పుడు ఏటవుతాదో?" "ఏటీ అవదు కాబట్టే దిగట్లేదు." "కాదురా, ఏటైనా అయితే మనం చూసుకోవాలని దిగట్లేదు." సుక్రు తాత చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "ఆ గుంట దిగితే దిగుదుం. దిగకపోతే దిగొద్దు. దీంట్లో తగువేటి?"

జీపు మళ్ళీ కదిలింది. రెండో గేరు. ఎత్తు దారి. ఎదురుగా కుంకుడు చెట్టు కనబడింది, దాని వెనక బండ. రమణికి పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి. జీపు చెట్టు పక్కకి చేరేసరికి చెయ్యి తలుపు పిడి మీద పడింది. గట్టిగా పట్టుకుంది.

వేరే బండి తలుపు. గడియ సరిగా పడదు. కిర్రుమని బార్లా తెరుచుకుంది.

"రమణి దిగిపోతంది!" అని అరిచింది చిన్నమ్మి.

ఆ తర్వాత రెండు క్షణాల్లో జరిగింది ఏజెన్సీలో ఎన్నేళ్ళు చెప్పుకున్నా తరగదు. జీపు వెనక నుంచి, పక్కల నుంచి, పైనుంచి మనుషులు పనసకాయల్లా రాలారు. అడ్డాకుల మోపు ఎగిరింది. సుక్రు తాత గొడుగు విప్పుకుని మరీ ధనుంజయ్ సీటు మీదుగా దూకాడు. అంతకు ముందే ధనుంజయ్ దూకేశాడు. డ్రైవరు.

మిగిలింది రమణి, తాళ్ళతో కట్టేసి ఉన్న మేకలు.

ఇంజను దగ్గి ఆగిపోయింది. జీపు ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది.

"రాయి! రాయి!" అని అరుస్తున్నాడు ధనుంజయ్ కుంటుకుంటూ పరిగెడుతూ. ఆ జీపుకి హ్యాండ్‌బ్రేకు లేదు. ఆగినప్పుడల్లా చక్రం కింద పెట్టే రాయి రమణి కాళ్ళ దగ్గరే ఉంది. ఆమె రెండు చేతులా ఎత్తి తెరిచిన తలుపులోంచి విసిరింది. అది చక్రానికి జానెడు దూరంలో పడి, కుంకుడు చెట్టు మొదట్లోకి దొర్లి కూర్చుంది.

దూకెయ్యొచ్చు. తలుపు తెరిచే ఉంది. నేల అడుగు దూరంలో ఉంది. దిగడం ఆమెకి బాగా తెలిసిన పని.

పైన మేకలు అరిచాయి.

"ఛీ, మీ మొహాలు మండ!" అని రమణి డ్రైవరు సీట్లోకి జరిగింది. కాళ్ళ కింద మూడు పెడల్స్. మొదటిది తొక్కింది. ఏమీ కాలేదు. చివరిది తొక్కింది. దాంతోనూ ఏమీ కాలేదు. మోచెయ్యి తగిలి హారన్ మోగింది. లోయ పక్క అంచు దగ్గరవుతోంది. స్టీరింగు పట్టుకుని కొండవైపు అనుకున్న దిక్కుకి తిప్పింది, అది లోయవైపు తిరిగింది. తిట్టుకుంటూ అటునుంచి ఇటు తిప్పి, మిగిలిన పెడల్ మీద రెండు కాళ్ళతో నిలబడింది.

జీపు కీచుమని జారి, వెనక చక్రాలు కొండ పక్క కాలవలో పడి, ఆగింది.

ఒక మేక తల కిందికి వంచి అద్దంలోంచి రమణిని చూసింది.

జనం భయంభయంగా దగ్గరికొచ్చారు. మోకాళ్ళు గీసుకుపోయాయి, ఒకరి పంచె చిరిగింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

"గుంట దిగనేదు," అన్నాడు సుక్రు తాత మెల్లగా. "మనం దిగీసాం. గుంట దిగనేదు."

"మరి దిగితే మంచిదా, దిగకపోతే మంచిదా?" అంది చిన్నమ్మి. ఏడాదిగా కట్టుకున్న లెక్కంతా ఆమె ముఖంలో కూలిపోతూ కనబడింది.

రమణి స్టీరింగు వదలకుండానే అరిచింది. "నాకేటీ తెలీదు! వింటన్నారా? అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు! ఛార్జర్ కొనుక్కోడానికి దిగాను! నిర్మలని సీటు ఆపమన్నాను! అది ఆపింది, చచ్చిపోయింది! నాకు తెలిస్తే దాన్ని కూడా దింపెయ్యనా? ఏం మనుసులర్రా మీరు!"

కొండకి తగిలి 'మనుసులర్రా మీరు' అన్నది మళ్ళీ ఒకసారి వినబడింది.

సుక్రు తాత గొడుగు మడిచాడు. "తెలీదంటే తెలీదని ముందే సెప్పొచ్చు కదే!"

"ఏడాది నుండి అదే సెప్తన్నాను తాతా!"

"అలా మెల్లగా సెప్తే ఎవలు నమ్ముతారు? ఇలగ తిట్టాల," అన్నాడు.

ఇరవై రెండు మందీ కలిసి జీపుని కాలవలోంచి ఎత్తారు. ఈ హడావుడిలో నీడలు కాళ్ళ కిందికొచ్చేశాయి. సుక్రు తాత పైకి చూసి నాలుక కరుచుకున్నాడు. రమణి అదే చివరి సీట్లో, పచ్చ తలుపుని తాడుతో కట్టేసుకుని కూర్చుంది. మలుపు ఎప్పుడు దాటిందో ఆమె చూడలేదు. ధనుంజయ్‌ని తిడుతోంది. బండి వదిలేసి డ్రైవరు దూకుతాడా ఎక్కడైనా?

ఉలవగొంది చివర, చింత చెట్టు పక్కన గొయ్యి తీసి ఉంది. పక్కన పడుకోబెట్టిన నిలువెత్తు రాయి. దాని మీద అప్పలనర్సమ్మ కూర్చుని ఉంది. సూర్యుడు నడినెత్తి దాటాడు.

"అయిపోయింది కదా పిన్నీ?" అంది రమణి. "వేళ దాటిపోయింది."

"ఎవలన్నారు?"

"సూర్యుడు..."

"సూర్యుడు సెప్తే ఎలాగ? దిసారి సెప్పాల." అప్పలనర్సమ్మ గడ్డంతో ఇంటివైపు చూపించింది. అరుగు మీద దిసారి అన్నం ముందు కూర్చుని, ఆయాసపడుతూ, బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. "పొద్దున్నుంచి వడ్డిస్తన్నాను. కోడి, ఎండు సేప, సామన్నం. ఇది నాలుగో విస్తరి. సెయ్యి కడుక్కుంటే గానీ లెగలేడు, లేచి సూత్తే గానీ వేళ దాటదు. ఒరే దిసారీ, ఇంకో ముక్క ఏసుకో!"

"నా వల్ల కాదే తల్లీ," అన్నాడు దిసారి.

రమణి ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడాది మోసిన మాట, ఆరుసార్లు సగం దారిలో వెనక్కి తీసుకుపోయిన మాట, ఒక్క గుక్కలో చెప్పేసింది. "నా సీటు పిన్నీ. నేనే ఆపమన్నాను. ఛార్జరు కోసం. ఆ ఛార్జరు పనికి కూడా రాలేదు. అక్కడ నేనుండాల. అది నాకోసం కూకుని..."

"నీకోసమా?" అప్పలనర్సమ్మ వింతగా చూసింది. "నీకోసం కూకుంటాదా నా కూతురు?"

ఆమె రొంటిన దోపుకున్న ఫోన్ బయటికి తీసింది. బొత్తాల ఫోను, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు. "జీపులోంచి నాకు ఫోన్ సేసింది. 'అమ్మా, రమణి సీటు కొట్టీసాను, గాలి బలేగుంది, అది పరిగెత్తుకొచ్చినా ఇయ్యను' అంది. ఒకటే నవ్వు. 'ధనుంజయ్ బావా, బేగి పోనీ, అది వచ్చీస్తాది' అని అరుస్తంది. ఆ నవ్వుతోనే ఫోన్ పెట్టీసింది."

రమణి తల తిప్పి ధనుంజయ్‌ని చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"అవును," అన్నాడు. "మూడు హారన్లు కొట్టి ఆగుదామనుకున్నాను. పోనీ బావా, నడిచొస్తాది, బలిసింది, అంది. పోనిచ్చీసాను. పోయిన గుంట మీద నేరం ఎలా ఎయ్యను? నోరు మూసుకున్నాను."

"బలిసిందన్నదా?"

"అన్నాది."

రమణి నోరు తెరిచింది. ఏడుపు రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది. "దొంగముండ!" అంది. "సీటు దొంగ! దాని కోసం నేను ఏడాది..." అని నవ్వు మొదలెట్టింది. నవ్వుతుంటే కన్నీళ్ళు కారిపోయాయి, ముక్కు కారిపోయింది, కడుపు పట్టుకుని గొయ్యి పక్కన పడిపోయింది. అప్పలనర్సమ్మ కూడా నవ్వి, కొంగుతో ముందు ఆమె ముక్కు, తర్వాత తన కళ్ళు తుడిచింది.

కాసేపటికి రమణికి తట్టింది. "మరైతే ఆకరి మాట నీతోనే కదా పిన్నీ. నా చెయ్యి ఎందుకు?"

"నా సెయ్యి నిన్ననే ఏసీసాను. అలగ సెప్పకపోతే నివ్వొస్తావేటి? ఆరుసార్లు సగం దారి నుండి ఎల్లిపోయావు. నాకు కూతురూ లేక, నివ్వూ లేక, ఏటి సెయ్యమంటావు?"

రమణి లేచింది. మట్టి దులుపుకుంది. రాయి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ఆమె వెనకే వరసకట్టి జీపు జనమంతా చేతులు వేశారు. రాయి లేచి నిలబడింది. అరుగు మీద దిసారి ప్రాణం లేచొచ్చినట్టు చెయ్యి కడుక్కుని, పైకి చూసి, వేళ దాటిందని ప్రకటించాడు.

రమణి సంచిలోంచి ఛార్జర్ తీసి రాయి మొదట్లో పెట్టబోయింది. అప్పలనర్సమ్మ చెయ్యి పట్టుకుంది.

"రాయికి ఛార్జింగెందుకే? ఇటియ్యి." పిన్ను తన ఫోన్‌కి గుచ్చి చూసింది. సరిపోయింది. "నా దాన్ని ఎలకలు కొరికీసాయి," అని రొంటిన దోపుకుంది.

తిరుగు ప్రయాణంలో మలుపు దగ్గరికి రాగానే ధనుంజయ్ బ్రేకు వేశాడు. పొద్దున విసిరిన రాయి కుంకుడు చెట్టు మొదట్లోనే ఉంది. కుంటికాలితో అతను దిగబోతే రమణి వద్దంది.

"నేను తెస్తానుండు."

తలుపుకి కట్టిన తాడు విప్పింది. ఇరవై రెండు మందీ ఆమె కాళ్ళనే చూస్తున్నారు. చిన్నమ్మి ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోవాలా వద్దా అన్నట్టు చేత్తో పట్టుకుంది.

రమణి కిందికి దిగింది. నాలుగడుగులు వేసి, ఆగింది. వెనక్కి తిరిగింది.

"చిన్నమ్మీ," అంది. "నా సీటు ఆపు."

చిన్నమ్మి చెప్పు వదిలేసింది. ముందుకు వంగి, అడ్డాకుల మోపు తీసి ఆ సీట్లో పెట్టింది. మళ్ళీ ఒకసారి ఆలోచించి మోపు పక్కకి నెట్టి, వెనక నుంచి కాలెత్తి దాటి, తనే వచ్చి కూర్చుంది.

"గాలి బలేగుంది," అంది. "నివ్వొచ్చినా లెగను మరి."

"లేపుతాను సూడు," అని రమణి రాయి కోసం నడిచింది.